గిటార్ పెడల్‌కు ఏసీనా, డీసీనా? పిన్ను దూరింది కదా అని పెట్టెయ్యకండి

ఇవాళ్టి ఎపిసోడ్ గిటార్ గురించే, కానీ వాయించడం గురించి కాదు. కాలి దగ్గర పెట్టుకునే చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి కదా, డిస్టార్షన్, కోరస్, డిలే, మల్టీ ఎఫెక్ట్స్, వాటికి కరెంటు ఎట్లా ఇయ్యాలి అనేదాని గురించి. వినడానికి చిన్న విషయమే. కానీ ఐదారు నెలలు పైసలు కూడబెట్టి కొన్న పెడల్ ఐదు సెకన్లలో పోయేది కూడా ఇక్కడే.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు గిటార్ వాయించే పిల్లలు బాగానే ఉన్నారు. చర్చి క్వయర్లు, పెళ్లి ఆర్కెస్ట్రాలు, యూట్యూబ్‌లో జానపదాలు రికార్డు చేసేటోళ్లు. అయితే పెడల్స్ అమ్మే షాపు మాత్రం ఊళ్లో ఉండదు. వస్తువు హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో వస్తది, లేకపోతే అమెరికాలో ఉన్న అన్నో బావో సూట్‌కేసులో పెట్టుకొని తెస్తాడు. పెడల్ వస్తది, అడాప్టర్ రాదు. అప్పుడు ఏం చేస్తాం? ఇంట్లో మూలకు పడి ఉన్న సెట్‌టాప్ బాక్స్‌ది, వైఫై రౌటర్‌ది, సీసీ కెమెరాది ఏదో ఒకటి తెచ్చి పెట్టి చూస్తాం. పిన్ను సరిగ్గా దూరుతది. సమస్య అంతా అక్కడే. ఆ గుండ్రటి పిన్ను చాలా వస్తువులకు ఒకటే సైజు, బయట 5.5 మిల్లీమీటర్లు, లోపల రంధ్రం 2.1 మిల్లీమీటర్లు. దాంట్లో నుంచి వచ్చే కరెంటు మాత్రం ఒకటి కాదు. షాపులో దాన్ని 'డీసీ పిన్' అనే అడుగుతాం. లోపల ఏసీ వస్తున్నా పేరు డీసీ పిన్నే.

ఏసీ అంటే గది చల్లగా చేసేది కాదు, ముందే చెప్తున్నా. కరెంటు రకం. జూరాల డ్యామ్ మీద ఆరు యూనిట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 39 మెగావాట్లు. అక్కడ కృష్ణా నీళ్లు టర్బైన్‌ను తిప్పితే పుట్టేది ఏసీ. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో పుట్టేదీ అదే. ఈ కరెంటు ఒక దిక్కే పోదు, సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతది. అట్లా ఊగుతది కాబట్టే ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచొచ్చు, తగ్గించొచ్చు. అందుకే తీగల మీద వేల వోల్టులుగా వచ్చి, మన గోడ సాకెట్ దగ్గరికి 230 అయితది. డీసీ అంటే బ్యాటరీ కరెంటు. ఎప్పుడూ ఒకే దిక్కు. ప్లస్ ఎప్పుడూ ప్లస్సే, మైనస్ ఎప్పుడూ మైనస్సే.

ఇప్పుడు అడాప్టర్ చేతిలోకి తీసుకోండి. ఒంటి మీద సన్నటి అక్షరాలు ఉంటాయి. కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేయండి. రెండు లైన్లు చూడాలి. ఇన్‌పుట్ అని ఒకటి, ఔట్‌పుట్ అని ఒకటి. చాలామంది ఇన్‌పుట్ దగ్గర ఏసీ అని చూసి 'ఇది ఏసీ అడాప్టర్' అని తీర్మానం చేసేస్తారు. ఇన్‌పుట్ అందరికీ ఏసీయే, గోడలో వచ్చేదే ఏసీ కదా. మనకు కావాల్సింది ఔట్‌పుట్ లైన్. అక్కడ 9 వోల్టుల పక్కన పాము పాకినట్టు వంకర గీత ఉంటే ఏసీ. ఒక నిలకడ అడ్డగీత, దాని కింద మూడు చిన్న చుక్కగీతలు ఉంటే డీసీ. కొన్నిటి మీద అక్షరాల్లోనే రాస్తారు. పెడల్ వెనకాల, పిన్ను పెట్టే రంధ్రం పక్కన కూడా ఇవే గుర్తులు ఉంటాయి. రెండూ కలవాలి.

పేర్లు చూసి మోసపోవద్దు. పాత బాస్ పెడల్స్ కొన్నిటి మీద 'ఏసీఏ అడాప్టర్' వాడమని రాసి ఉంటది. అది అడాప్టర్ మోడల్ పేరు మాత్రమే, అది ఇచ్చేది డీసీయే. కాకపోతే ఆ కాలం అడాప్టర్ 9 అని చెప్పుకున్నా 12 వోల్టుల దాకా ఇచ్చేది. అందుకే అట్లాంటి పాత పెడల్‌కు ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ ఒక్కటే పెడితే లైటు మసకగా వెలిగి, సౌండ్ నీరసంగా వస్తది. పెడల్ చెడిపోలేదు, దానికి అందాల్సినంత అందట్లేదు అంతే.

సరే, ఎక్కువ పెడల్స్‌కు ఏం కావాలి? డీసీ, 9 వోల్టులు, సెంటర్ నెగటివ్. అంటే పిన్ను లోపలి రంధ్రం మైనస్, బయటి గొట్టం ప్లస్. 9 ఎందుకంటే ఇవన్నీ మొదట చదరపు 9 వోల్టుల బ్యాటరీతో నడిచినవి. బాస్ కంపెనీ 1977లో చిన్న పెడల్స్ మొదలుపెట్టినప్పుడూ అదే బ్యాటరీ. సెంటర్ నెగటివ్ ఎందుకంటే, దీనికి ఒక తమాషా కారణం ఉంది. అడాప్టర్ పెట్టగానే లోపలి బ్యాటరీని విడదీసే చిన్న స్విచ్ ఆ రంధ్రంలో ఉంటది. ఆ స్విచ్ బయటి గొట్టం తగిలే దిక్కు ఉంటది. బ్యాటరీ మైనస్‌ను ఏమో గిటార్ కేబుల్ పెట్టే జాక్ ఆన్-ఆఫ్ చేస్తది. మిగిలింది ప్లస్, దాన్ని బయటి గొట్టానికి ఇచ్చారు. అట్లా పెడల్స్ లోకమంతా సెంటర్ నెగటివ్ అయిపోయింది. మిగతా ప్రపంచం, అంటే రౌటర్లు, సీసీ కెమెరాలు, సెట్‌టాప్ బాక్సులు, దాదాపు అన్నీ సెంటర్ పాజిటివ్, పైగా చాలావరకు 12 వోల్టులు. అంటే మూలకున్న అడాప్టర్ తెచ్చి పెడితే రెండు తప్పులు ఒకేసారి. వోల్టేజ్ ఎక్కువ, దిక్కు ఉల్టా.

ఇక్కడే ఒక మాట. బ్యాటరీ వేసిన పెడల్‌లో గిటార్ కేబుల్ పెట్టి ఉంచితే, వాయించకున్నా, లైటు ఆఫ్‌లో ఉన్నా, బ్యాటరీ తింటూనే ఉంటది. ప్రాక్టీస్ అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకెయ్యండి.

ఏసీ అడిగే పెడల్స్ తక్కువ, కానీ ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో తరచుగా దొరికేవి కూడా అవే. డిజిటెక్ వామీ నాలుగో మోడల్‌కు 9 వోల్టుల ఏసీ కావాలి, అదీ 1300 మిల్లీఆంప్స్. తర్వాత వచ్చిన ఐదో మోడల్‌కు 9 వోల్టుల డీసీ. రెండూ ఎర్రగానే ఉంటాయి, దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. లైన్ 6 వాళ్ల ఆకుపచ్చ డిలే, డీఎల్4, పాతది 9 వోల్టుల ఏసీ. 2022లో వచ్చిన రెండో వెర్షన్ డీసీ, 500 మిల్లీఆంప్స్. కాబట్టి ఎవరైనా 'ఇది డీఎల్4, ఈ అడాప్టర్ సరిపోతది' అంటే నమ్మొద్దు. ఏ వెర్షన్ అని అడగాలి. పెడల్ వెనక రాసింది చూడాలి. చర్చిల్లో వాడే చిన్న మిక్సర్లు కొన్నిటి అడాప్టర్ కూడా ఏసీయే ఇస్తది, కానీ వాటి పిన్ను ఆకారమే వేరు కాబట్టి కలిసిపోయే భయం తక్కువ.

మరి డీసీతో పోయేదానికి కంపెనీ ఏసీ ఎందుకు అడుగుతది? పెడల్ లోపల కొన్ని సర్క్యూట్లకు ప్లస్ వోల్టేజ్, మైనస్ వోల్టేజ్ రెండూ కావాలి. ఊగే కరెంటు ఇస్తే రెండు డయోడ్లు, రెండు కెపాసిటర్లు పెట్టి చవకగా రెండూ తీసుకోవచ్చు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బయట గోడకు వేలాడుతది, మిగతా పని పెడలే లోపల చేసుకుంటది. ఆ రోజుల్లో అది తెలివైన ఉపాయమే. ఇప్పుడు చిన్న చిప్‌లు ఆ పని డీసీ నుంచే చేస్తున్నాయి. అందుకే కొత్త పెడల్స్ దాదాపు అన్నీ డీసీకి వచ్చేశాయి.

ఇప్పుడు తప్పు పెడితే ఏమైతదో చూద్దాం.

డీసీ పెడల్‌కు ఏసీ అడాప్టర్ పెట్టారనుకోండి. సెకనుకు 50 సార్లు ప్లస్ స్థానంలో మైనస్ వస్తది. పైగా 9 వోల్టుల ఏసీ అంటే 9 దగ్గర ఆగేది కాదు, ఊగేటప్పుడు కొన దగ్గర 12.7 వోల్టులు తాకుతది. లోపల ఉల్టా కరెంటును అడ్డుకునే ఒక చిన్న డయోడ్ ఉంటది చాలా పెడల్స్‌లో. అది అడ్డంగా నిలబడే రకం అయితే ఆ కరెంటంతా తన మీదికి తీసుకొని వేడెక్కి మాడిపోతది. మంచి రిపేర్ మనిషి దొరికితే పది రూపాయల డయోడ్‌తో బతికిస్తాడు. ఆ డయోడ్ లేకపోతే, లేదా అది కూడా చేతులెత్తేస్తే, కెపాసిటర్ ఉబ్బుతది, చిప్ పోతది. డిజిటల్ పెడల్‌లో చిప్ పోతే దాన్ని రిపేర్ చేయడం కంటే ఇంకోటి కొనడమే చవక.

ఏసీ పెడల్‌కు డీసీ పెడితే నష్టం సాధారణంగా ఇంత ఉండదు. చాలాసార్లు అసలు ఆన్ కాదు, లేకపోతే లైటు వెలిగి సౌండ్ రాదు. ఎందుకంటే ఆ మైనస్ వోల్టేజ్ పుట్టాలంటే కరెంటు ఊగాలి, డీసీ ఊగదు. కొందరు దీన్ని చూసి పెడల్ చచ్చిపోయిందని సగం ధరకు అమ్ముకుంటారు. కొనేటోడు తెలివైనోడైతే సరైన అడాప్టర్ పెట్టి హాయిగా వాయించుకుంటాడు.

ఇక అమెరికా సామాన్ల సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువ పైసలు పోయేది ఇక్కడే. అక్కడ గోడలో 120 వోల్టులు, ఇక్కడ 230. మన ఫోన్ చార్జర్, లాప్‌టాప్ చార్జర్ ఎక్కడైనా నడుస్తాయి, వాటి ఇన్‌పుట్ లైన్‌లో 100 నుంచి 240 అని రాసి ఉంటది. అది చూసి చూసి మనకు అడాప్టర్ ఏదైనా అంతే అనే ధైర్యం వచ్చేసింది. కానీ 9 వోల్టుల ఏసీ ఇచ్చే అడాప్టర్ లోపల ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు. ఒక రాగి చుట్ట, ఇంకో రాగి చుట్ట, మధ్యలో ఇనుము. పట్టుకుంటే ఇటుక లాగా బరువుగా ఉంటది. దానికి లెక్క ఒకటే తెలుసు, వచ్చినదాన్ని ఇంతకు ఇంత తగ్గించు. 120ని 9 చేసే ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 ఇస్తే అది 17 వోల్టులు దాటి ఇస్తది. అడాప్టర్ వేడెక్కి వాసన వచ్చే లోపల పెడల్ పని అయిపోయి ఉంటది. అమెరికా ప్లగ్గు చదునైన రెండు రేకులు, మన గోడ సాకెట్‌లో దూరదు, నిజానికి అదే మనకు రక్ష. కానీ మనం వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో అన్ని దేశాల పిన్నులు పట్టే సాకెట్లు ఉంటాయి. అందులో సాఫీగా దూరిపోతది.

కాబట్టి బావ తెచ్చిన పెడల్ డబ్బాలో అడాప్టర్ ఉంటే ముందు ఇన్‌పుట్ చూడండి. 120 అని ఒక్కటే ఉంటే గోడకు పెట్టొద్దు. బాస్ వాళ్లది అయితే పేరులోనే ఉంటది. పీఎస్ఏ-120 అంటే 120 వోల్టుల దేశాలకు, పీఎస్ఏ-230, పీఎస్ఏ-240 అంటే మన లాంటి దేశాలకు. డీసీ పెడల్ అయితే బాధ లేదు, ఆ అడాప్టర్ పక్కన పడేసి ఇక్కడే సరైన డీసీ అడాప్టర్ కొనుక్కోవచ్చు. ఏసీ పెడల్ అయితే రెండు దారులు. ఒకటి, 230ని 110కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దాని మీద అమెరికా అడాప్టర్ నడపడం. రెండోది, ఇక్కడి 230 నుంచి 9 వోల్టుల ఏసీ ఇచ్చేది సంపాదించడం. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి, కోఠి గుజరాతీ గల్లీలోనైతే ఏ ఆంపియర్‌ది కావాలంటే అది ఉంటది. మధ్య తీగకూ ఒక చివరి తీగకూ నడుమ 9 వోల్టుల ఏసీ వస్తది. రెండు చివరలూ పట్టుకుంటే 18, అది మనకొద్దు. వామీ లాంటిదానికి రెండు ఆంపియర్లది తీసుకోవాలి. అయితే ఇది 230 వోల్టులతో పని. ఫ్యూజు పెట్టి, మూసిన డబ్బాలో బిగించాలి. పని తెలిసినోళ్లతో చేయించండి, యూట్యూబ్ చూసి, మా వీడియో చూసి అయినా సరే, మీరే విప్పొద్దు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, విదేశీ వీడియోల్లో ఇది ఎవరూ చెప్పరు. గోడలో 230 అనుకుంటాం గానీ, బోరు మోటార్లన్నీ నడిచే వేళ ఊళ్లల్లో 180కి దిగొచ్చు. జాతరలో జనరేటర్ మీద ప్రోగ్రాం అయితే పైకీ కిందికీ ఊగొచ్చు. 100 నుంచి 240 అని రాసి ఉన్న తేలికపాటి డీసీ అడాప్టర్‌కు ఇది లెక్క కాదు, 180 వచ్చినా 9 వోల్టులు అంటే 9 వోల్టులే ఇస్తది. ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మాత్రం తగ్గినంత తగ్గిస్తది. 180 దగ్గర దాని 9 వోల్టులు 7 అవుతాయి. డిజిటల్ పెడల్ అయితే పాట మధ్యలో దానంతట అదే ఆగి మళ్లీ మొదలైతది. అందరూ కేబుల్ లూజు అని వెతుకుతుంటారు. ఏసీ పెడల్ ఉన్నోళ్లు ప్రోగ్రాంకు పోతే స్టెబిలైజర్ అడగడం మంచిది.

ఇంక మిల్లీఆంప్స్ విషయం. ఇది మన రైతుల పిల్లలకు చెప్పనక్కర్లేదు. పొలం దగ్గర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు మోస్తది. ఒక్క మోటారే పెడితే అది కాలిపోదు, తనకు కావాల్సినంతే గుంజుకుంటది. ఎనిమిది పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పోతది. అడాప్టర్ కూడా అంతే. పెడల్‌కు 100 కావాలంటే 500 ఇచ్చే అడాప్టర్ పెట్టొచ్చు, భయం లేదు. 500 కావాల్సిన దానికి 200ది పెట్టకూడదు. వోల్టులు సమానంగా ఉండాలి, మిల్లీఆంప్స్ సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఒకే అడాప్టర్‌కు ఐదు పిన్నుల దండ కేబుల్ తగిలిస్తే అన్నిటి మిల్లీఆంప్స్ కూడండి. ఓవర్‌డ్రైవ్ 10, కోరస్ 20, ట్యూనర్ 30, డిజిటల్ డిలే 70 అనుకుంటే మొత్తం 130, బాగానే ఉంది. దానికి 500 తాగే మల్టీ ఎఫెక్ట్స్ కూడా తగిలిస్తే 630. అప్పుడు 500 అడాప్టర్ మీద గుయ్‌మని మోత మొదలైతది.

దండ కేబుల్‌లో ఏసీ పెడల్‌ను ఎప్పుడూ కలపొద్దు. దాని అడాప్టర్ దానికే. పాత రకం జెర్మేనియం ఫజ్ పెడల్స్‌ను కూడా కలపొద్దు, వాటిలో చాలావాటికి ప్లస్సే గ్రౌండ్, మిగతావాటితో కలిస్తే నేరుగా షార్ట్. ఇంకా డిజిటల్, అనలాగ్ పెడల్స్ ఒకే దండ మీద ఉంటే సన్నటి కీచు శబ్దం రావొచ్చు. అది వదలకపోతే ప్రతి ఔట్‌పుట్ విడివిడిగా ఉండే ఐసొలేటెడ్ పవర్ సప్లై కొనాలి. ధర ఎక్కువే, రెండు మూడు పెడల్స్ ఉన్నోళ్లకు అవసరం లేదని నా అభిప్రాయం. ముందు మంచి అడాప్టర్ ఒక్కటి కొనండి.

పవర్ బ్యాంకుతో నడపొచ్చా అని చాలామందికి అనుమానం. డీసీ పెడల్ అయితే నడపొచ్చు, ఏసీ పెడల్ నడవదు. పవర్ బ్యాంకు ఇచ్చేది 5 వోల్టులు, దాన్ని 9 చేసే కేబుల్ కావాలి. 5 వోల్టులు 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు, వేడికి పోయింది పోగా 9 వోల్టుల దగ్గర 900 మిల్లీఆంప్స్ దాకా లెక్కకు వస్తది. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. బజార్లో దొరికే ఈ కేబుళ్లు రౌటర్ల కోసం చేసినవి, అంటే సెంటర్ పాజిటివ్. దిక్కు మార్చే చిన్న తోక వైరు ఒకటి తగిలించాలి. రెండోది, పవర్ బ్యాంకు చాలా తక్కువ కరెంటు పోతుంటే 'ఫోన్ ఫుల్ అయింది' అనుకొని ఆగిపోతది. 10 మిల్లీఆంప్స్ డిస్టార్షన్ ఒక్కటే పెడితే అరనిమిషంలో ఆగొచ్చు. ఆ ఒక్క పెడల్‌కైతే 9 వోల్టుల బ్యాటరీయే మేలు. మంచి ఆల్కలైన్ బ్యాటరీ 500 మిల్లీఆంప్ అవర్ అనుకుంటే, 5 మిల్లీఆంప్స్ తాగే పెడల్ లెక్కకు 100 గంటలు నడుస్తది. 70 తాగే డిజిటల్ డిలే ఏడు గంటలు కూడా కష్టమే.

అడాప్టర్ మీద అక్షరాలు చెరిగిపోతే? మల్టీమీటర్ కావాలి. రెండు మూడు వందలకు చిన్నది వస్తది, లేదంటే ఏ మొబైల్ రిపేర్ షాపుకు పోయినా అన్న దగ్గర ఉంటది, రెండు నిమిషాల పని. ముందు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర తీగ పిన్ను లోపలి రంధ్రంలో, నల్ల తీగ బయటి గొట్టానికి. రెండూ ఒకదానికొకటి తగలనీయొద్దు. 9 ముందు మైనస్ గుర్తు వస్తే సెంటర్ నెగటివ్ డీసీ, పెడల్స్‌కు కావాల్సింది అదే. మైనస్ లేకుండా 9 వస్తే సెంటర్ పాజిటివ్. 12, 13 చూపిస్తే వోల్టేజ్ అదుపు లేని పాత రకం, దాంతో డిజిటల్ పెడల్ జోలికి పోవద్దు. సున్నా దగ్గరే ఆడుతుంటే అప్పుడు మీటర్‌ను ఏసీకి మార్చండి, అక్కడ 9, 10 చూపిస్తే అది ఏసీ అడాప్టర్. మొదటే ఏసీలో పెట్టి చూడొద్దు. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా 18, 20 అని తప్పుగా చూపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అమ్మేటాయన్ని మూడు ఫొటోలు అడగండి. పెడల్ వెనక రాసింది, అడాప్టర్ మీద రాసింది, ఆ అడాప్టర్‌తోనే ఆన్ చేసి సౌండ్ వస్తున్న చిన్న వీడియో. ఏసీ పెడల్‌ను అడాప్టర్ లేకుండా అమ్ముతుంటే, సరైన అడాప్టర్‌కు అయ్యే ఖర్చు కూడా కలిపి బేరం ఆడండి. గద్వాలోళ్లకు కర్నూలు, రాయచూరు దగ్గర, అక్కడ అడిగి చూడొచ్చు, కానీ 9 వోల్టుల ఏసీది మామూలు షాపుల్లో తొందరగా దొరకదు. 'అదేం లేదన్నా, ఏ అడాప్టర్ అయినా నడుస్తది' అని ఆయన అంటే, మీ ముందు ఆయన చేత్తోనే ఆయన అడాప్టర్‌నే పెట్టి చూపించమనండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ కేబుళ్లలో వచ్చే గుయ్‌మనే మోతను ఒక్కొక్కటిగా పట్టుకుందాం. ఉంటాను, నమస్తే.